ఫ్రూట్ క్రిస్ప్: ఏ పండు, ఏ ఓట్స్, వెన్నా నెయ్యా, ఓటీజీనా ఎయిర్ ఫ్రయరా?

కింద మెత్తగా ఉడికి చిక్కటి పాకంలో ఊరిన పండు, పైన కరకరలాడే ఓట్స్ పొర. ఫ్రూట్ క్రిస్ప్ అంటే అదే. అమెరికా ఇళ్లలో ఎక్కువగా ఆపిల్‌తో చేస్తారు. ఇంగ్లండులో చేసే క్రంబుల్ దీనికి దగ్గర చుట్టం, అందులో ఓట్స్ వేయాలన్న నియమం లేదు. గుడ్లు గిలక్కొట్టే పని లేదు, కేకు పొంగుతుందో లేదో అన్న బెంగ లేదు. అయినా మొదటిసారి చేసినవాళ్లలో చాలామందికి పైపొర ఉప్మాలా మెత్తబడిపోతుంది, లేదంటే కింద పండు నీళ్లలో తేలుతుంది.

సాధారణంగా తప్పు కొలతల్లో ఉండదు. ఆపిల్ కోసం రాసిన కొలతలతో మామిడి వేస్తాం. వెన్న చెప్పినచోట అంతే బరువు నెయ్యి పోస్తాం. పెద్ద అవెన్‌కు చెప్పిన సమయాన్ని ఎయిర్ ఫ్రయర్‌లో పెడతాం. ఒకటి మారిస్తే దానితోపాటు ఏం మార్చాలో తెలిస్తే ఇంట్లో ఉన్నవాటితోనే బాగా వస్తుంది.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

పండులో నీరు. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. పైపొరను మెత్తబరిచేది కిందినుంచి లేచే ఆవిరి. నీరు ఎక్కువున్న పండు తీసుకుంటే కార్న్‌ఫ్లోర్ పెంచాలి, లేదా పండును ముందే కాస్త మగ్గించి నీరు ఇగరబెట్టాలి.

పులుపు. పైపొర ఎలాగూ తీపి. కింద పండు కూడా తీపిగానే ఉంటే మూడో చెంచాకే మొహం మొత్తుతుంది.

పైనుంచి తగిలే వేడి. ఓట్స్ ఎర్రబడాలంటే పైనుంచి పొడి వేడి తగలాలి. మీ పరికరం ఆ వేడి ఇస్తుందా లేదా అన్నది ముందే చూసుకోండి.

ఎప్పుడు తింటారు. చేసిన గంటలో తినేదానికి బెల్లమైనా పర్వాలేదు. మర్నాటికి ఉంచాలంటే పంచదారే నయం.

## మూల కొలత

18 సెం.మీ. చదరపు గాజు గిన్నెకు, నలుగురికి సరిపోయేలా: తొక్క, గింజలు తీసిన పండు ముక్కలు 600 గ్రాములు. పైపొరకు ఓట్స్ 60 గ్రా., మైదా లేదా గోధుమపిండి 60 గ్రా., పంచదార 60 గ్రా., చల్లటి వెన్న 60 గ్రా., చిటికెడు ఉప్పు, అర టీస్పూన్ దాల్చిన చెక్క పొడి. నాలుగూ సమానం కాబట్టి గుర్తుంచుకోవడం తేలిక. త్రాసు లేకపోతే ఓట్స్ కప్పులో మూడింట రెండొంతులు, పిండి అరకప్పు, పంచదార 5 టేబుల్ స్పూన్లు, 100 గ్రాముల వెన్న ప్యాకెట్లో సగానికి కొంచెం ఎక్కువ. ఉప్పు వెన్న అయితే చిటికెడు ఉప్పు మానేయండి.

పండు ముక్కల్లో చక్కెర, కార్న్‌ఫ్లోర్, నిమ్మరసం కలిపి గిన్నెలో సర్దాలి. పైన ఓట్స్ మిశ్రమాన్ని వదులుగా చల్లాలి, చేత్తో అదమకూడదు. 180 డిగ్రీల వేడిలో 40 నిమిషాలు. ఇది ఆపిల్ లెక్క. మిగతా పండ్లకు ఏం మారుతుందో చూద్దాం.

## పండు: అసలు నిర్ణయం ఇక్కడే

కింది కొలతలన్నీ 600 గ్రాముల ముక్కలకు.

| పండు | ముక్క | చక్కెర | కార్న్‌ఫ్లోర్ | నిమ్మరసం |
|---|---|---|---|---|
| గ్రీన్ ఆపిల్ | 1.5 సెం.మీ. | 50 గ్రా. | 2 టీస్పూన్లు | అక్కర్లేదు |
| ఎర్ర ఆపిల్ | 2 సెం.మీ. | 30 గ్రా. | 2 టీస్పూన్లు | 1 టేబుల్ స్పూన్ |
| దోర బంగినపల్లి | 2.5 సెం.మీ. | 20 గ్రా. | 4 టీస్పూన్లు | 1 టేబుల్ స్పూన్ |
| అనాస | 1 సెం.మీ. | 50 గ్రా. | 4 టీస్పూన్లు | అక్కర్లేదు |
| జామ | 1 సెం.మీ. చీలికలు | 50 గ్రా. | 1 టీస్పూన్ | 1 టేబుల్ స్పూన్ |
| స్ట్రాబెర్రీ | సగానికి కోసినవి | 60 గ్రా. | 6 టీస్పూన్లు | 1 టీస్పూన్ |

ఆపిల్. మొదటిసారి చేసేవాళ్లు దీనితోనే మొదలుపెట్టండి. నీరు మితం, పెక్టిన్ పుష్కలం, 40 నిమిషాల వేడిని తట్టుకుంటుంది. అయితే ఏ ఆపిల్ అన్నది ముఖ్యం. గ్రానీ స్మిత్ అనే గ్రీన్ ఆపిల్ పుల్లగా, గట్టిగా ఉంటుంది. ఆ పులుపే ముక్క విడిపోకుండా కాపాడుతుంది, ఎందుకంటే కణాలను అతికించి ఉంచే పెక్టిన్‌ను పులుపు అంత త్వరగా కరగనివ్వదు. రెడ్ డెలిషియస్ జాతి ఎర్ర ఆపిల్‌లో ఆ పులుపు లేదు, అవెన్‌లో పిండి పిండిగా విడిపోతుంది. మన బజారులో గ్రీన్ ఆపిల్ ధర ఎక్కువ. అన్నీ అవే కొనక్కర్లేదు, రెండు ఎర్రవాటికి ఒక గ్రీన్ ఆపిల్ కలిపితే చాలు. ఫ్యూజీ, గాలా అయితే నిమ్మరసం తప్పనిసరి. కొన్నది ఏ రకమైనా ఒక ముక్క కొరికి చూడండి. కటుక్కుమనకుండా నోట్లో పిండిలా అనిపిస్తే అది కోల్డ్ స్టోరేజీలో ఎక్కువ కాలం ఉన్న పండు, దీనికి పనికిరాదు. హిమాచల్ ఆపిల్ కొత్తగా దిగే జూలై నుంచి అక్టోబరు దాకా ఈ బెడద తక్కువ.

ఇంకో సంగతి. ఆపిల్ ఉడికేకొద్దీ కుంగుతుంది. ముక్కలను గిన్నె అంచు దాకా కుప్పగా నింపండి.

మామిడి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మన దగ్గర దీన్ని మించింది లేదు. కానీ ఆపిల్ పద్ధతి దీనికి నప్పదు. మగ్గిన మామిడి అప్పటికే మెత్తన, దాన్ని 40 నిమిషాలు కాలిస్తే గుజ్జవుతుంది. బంగినపల్లిలో పీచు తక్కువ, కండ గట్టిది. తినడానికి ఇంకా ఒకటి రెండు రోజులు ఆగాలనిపించే దోరపండును ఎంచుకోండి. నొక్కితే బొటనవేలు కొద్దిగా మాత్రమే దిగాలి. పచ్చివాసన పోయి ఉండాలి, తొడిమ దగ్గర తీపివాసన రావాలి. కలెక్టర్ మామిడి, అంటే తోతాపురి, కూడా దోరగా ఉన్నప్పుడు చాలా బాగుంటుంది. అది పులుపు కాబట్టి చక్కెర 50 గ్రాములు చేసి నిమ్మరసం మానేయండి. చిన్న రసాలు, పెద్ద రసాలు, చెరకు రసాలు మాత్రం వద్దు. అవి జుర్రుకోవడానికే, ఇందులో వేస్తే పీచుల పులుసు తయారవుతుంది.

మామిడికి అవెన్‌లో 28 నుంచి 30 నిమిషాలు చాలు. ఆ కాస్త సమయంలో పైపొర పూర్తిగా ఎర్రబడదు. అందుకని ఓట్స్‌ను ముందే పొడి మూకుడులో సన్నటి సెగ మీద 4 నిమిషాలు వేయించి, పూర్తిగా చల్లార్చి వెన్నలో కలపండి. వేడిగా ఉండగా కలిపితే వెన్న కరిగి అంతా ముద్దవుతుంది.

అనాస. పులుపు, తీపి రెండూ సరిపాళ్లలో ఉంటాయి, ముక్క చెదరదు. చిక్కల్లా నీటితోనే. కోసిన ముక్కలను చక్కెరతో వెడల్పాటి మూకుడులో 6 నుంచి 8 నిమిషాలు మగ్గించి, అడుగున రెండు మూడు చెంచాల రసం మిగిలాక దించండి. చల్లారాక కార్న్‌ఫ్లోర్ కలపాలి. డబ్బా అనాస అయితే పాకం పూర్తిగా వంపేసి చక్కెర సగం చేయండి.

జామ. చలికాలంలో చవకగా దొరికే ఈ పండును క్రిస్ప్‌లో ఎవరూ పట్టించుకోరు, నిజానికి చాలా బాగుంటుంది. పెక్టిన్ ఎక్కువ కాబట్టి రసం దానంతటదే చిక్కబడుతుంది. గింజలే సమస్య. పండును నాలుగు చీలికలు చేసి మధ్య గుజ్జు చెంచాతో తీసేయాలి, దాన్ని జల్లెడలో రుద్ది గింజలు పారేసి, వచ్చిన గుజ్జును చీలికలకే కలపాలి. చీలికలను ముందు 5 నిమిషాలు ఆవిరి పట్టండి. తరుగు పోతుంది కాబట్టి కిలో పండ్లు కొనాలి. పని ఎక్కువే, తొందరలో ఉన్న రోజు పెట్టుకోవద్దు.

స్ట్రాబెర్రీ. రంగు, వాసన అద్భుతం. నీరూ అంతే. ఒక్కదానితోనే చేస్తే 6 టీస్పూన్ల కార్న్‌ఫ్లోర్ పడుతుంది. సగం ఆపిల్, సగం స్ట్రాబెర్రీ వేసుకుంటే 4 టీస్పూన్లతో సరిపోతుంది, రుచి కూడా నిలుస్తుంది. అమెరికా, బ్రిటన్‌లలో ఉండేవాళ్లు ఫ్రోజెన్ బెర్రీలు వాడితే కరగనివ్వకుండా గడ్డల్లానే కార్న్‌ఫ్లోర్ పట్టించి గిన్నెలో వేయండి. సమయం 10 నిమిషాలు పెంచండి.

వద్దనేవి కొన్ని ఉన్నాయి. బొప్పాయి, సపోటాలో పులుపు లేదు. సీతాఫలం వేడికి చేదెక్కుతుంది. పుచ్చకాయ సంగతి చెప్పనక్కర్లేదు. అరటిపండు ఒక్కటే వేస్తే ముద్ద, ఆపిల్ ముక్కల మధ్య ఒకటి కోసి వేస్తే బాగుంటుంది.

## ఏ ఓట్స్?

రోల్డ్ ఓట్స్ కావాలి. గింజ మొత్తం అదిమినవి కాబట్టి రేకులు చిన్న అటుకుల్లా గుండ్రంగా, విడివిడిగా కనిపిస్తాయి. కాలాక అంచులు కరకర, లోపల కొద్దిగా నమలబుద్ధి వేసేలా ఉంటాయి.

మూడు నిమిషాల్లో ఉడుకుతాయని రాసి ఉన్న ప్యాకెట్లు సాధారణంగా క్విక్ ఓట్స్. రేకు చిన్నది, పలుచన, వెన్నను వెంటనే పీల్చేస్తుంది. అవే ఇంట్లో ఉంటే పారేయక్కర్లేదు. ఓట్స్ 75 గ్రాములు, పిండి 45 గ్రాములు చేయండి, ఎక్కువసేపు కలపకండి. పొర ఇసుక ఇసుకగా, బిస్కెట్టులా వస్తుంది. పిల్లలకు, పళ్లు గట్టిగా లేని పెద్దవాళ్లకు అదే హాయి. గింజను అదమకుండా ముక్కలుగా కోసిన స్టీల్ కట్ ఓట్స్ మాత్రం పొడి వేడిలో ఉడకవు, పంటి కింద రాళ్లలా తగులుతాయి. మసాలా ఓట్స్‌తో ప్రయత్నమే వద్దు.

గోధుమ పడనివాళ్లు పిండి బదులు జొన్నపిండి 40 గ్రా., బియ్యప్పిండి 20 గ్రా. కలుపుకోవచ్చు. జొన్నపిండి కమ్మదనాన్ని, బియ్యప్పిండి కరకరను ఇస్తాయి. సీలియాక్, అంటే గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు, ఉన్నవాళ్లు ఓట్స్ ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని ఉందో లేదో తప్పక చూడాలి. ఓట్స్‌ను గోధుమలు ఆడించే మరల్లోనే ఆడిస్తే అందులో గోధుమ కలుస్తుంది.

## వెన్నా, నెయ్యా, నూనా?

వెన్నలో దాదాపు 80 శాతం కొవ్వు, మిగతాది చాలావరకు నీరు. నెయ్యి దాదాపు అంతా కొవ్వే. ఈ ఒక్క తేడా అన్నిటినీ మారుస్తుంది. వెన్నలోని ఆ కాస్త నీరే పిండిని అతికించి ఉండలు కట్టిస్తుంది. ఆ ఉండలే కాలాక గుల్లగా, కరకరలాడే పలుకులవుతాయి. నెయ్యిలో నీరు లేదు కాబట్టి మిశ్రమం సున్నుండల పొడిలా పొడిపొడిగా ఉండిపోతుంది, కాలుస్తుంటే పండులోకి జారుతుంది.

అలాగని నెయ్యి పనికిరాదనుకోవద్దు. 60 గ్రాముల వెన్న బదులు 50 గ్రాముల పేరిన నెయ్యి తీసుకోండి. మన ఎండాకాలంలో అది నూనెలా ఉంటుంది, ఫ్రిజ్‌లో అరగంట ఉంచి పూసకట్టాక వాడాలి. పిండిలో రుద్దాక 2 టీస్పూన్ల చల్లటి పాలు చిలకరించి, పిడికిట పట్టి వదలండి. గడ్డలుగా విరగాలి. మామిడి, యాలకులతో చేసే క్రిస్ప్‌కు నెయ్యి వాసన వెన్నకంటే బాగా అమరుతుంది. ఆపిల్, దాల్చిన చెక్కకు వెన్నే నయం.

పాలపదార్థాలు తిననివాళ్లు వాసన లేని నూనె 45 మి.లీ. వాడొచ్చు. కరకర బాగానే వస్తుంది, కమ్మదనం ఉండదు. ఆ లోటు తీరాలంటే 30 గ్రాముల బాదం లేదా జీడిపప్పు పలుకులు కలపండి.

వెన్న కలిపే తీరు మీద కాస్త శ్రద్ధ పెట్టాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్నను సెంటీమీటరు ముక్కలు కోసి పిండిలో వేయండి. అరచేయి తగలనివ్వకుండా వేళ్ల కొసలతో ఒక్కో ముక్కను నలిపి పిండిలోకి జార్చాలి. రెండు నిమిషాల్లో కొంత బొంబాయి రవ్వలా, కొంత శనగగింజలంత ఉండలుగా కనిపిస్తుంది. అక్కడ ఆపేయాలి. అంతా ఒకే తీరుగా వచ్చేదాకా రుద్దితే ముద్దవుతుంది, కాలాక పలకలా గట్టిపడుతుంది. ఓట్స్, పంచదార చివర్లో చేర్చి గిన్నెను 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. చేతులు వేడిగా ఉండేవాళ్లు, మే నెలలో చేసేవాళ్లు వెన్నను డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించి కొబ్బరి కోరినట్టు తురిమి కలిపితే తేలిక.

## పంచదార, బ్రౌన్ షుగర్, బెల్లం

పంచదారతో పొర అన్నిటికంటే కరకరలాడుతుంది, రుచి సాదా. బ్రౌన్ షుగర్‌తో కారమెల్ వాసన వస్తుంది, కానీ అది గాలిలో తేమ పీల్చి మర్నాటికి మెత్తబడుతుంది. బెల్లం అంతకంటే త్వరగా మెత్తబడుతుంది, త్వరగా మాడుతుంది కూడా. బెల్లం రుచే కావాలంటే 30 గ్రాముల తురుము, 30 గ్రాముల పంచదార కలిపి, వేడి 170 డిగ్రీలకు తగ్గించండి. తురుములో ఉండలు మిగిలితే అక్కడక్కడ నల్లగా మాడతాయి, జల్లించి వేయండి.

తీపి తగ్గించాలనుకునేవాళ్లు పండులో వేసే చక్కెరను తగ్గించండి. పైపొరలో 40 గ్రాములకంటే తగ్గిస్తే ఆ పొర వేయించిన ఓట్స్‌లా పొడిగా రాలుతుంది. కరకరకు కారణం కరిగి మళ్లీ గట్టిపడే చక్కెరే.

## మీ దగ్గరున్న పరికరం

| పరికరం | వేడి, సమయం (ఆపిల్‌కు) | బలం | ఇబ్బంది |
|---|---|---|---|
| ఓటీజీ (అవెన్ టోస్టర్ గ్రిల్) | 180 డిగ్రీలు, 40 ని. | సమంగా ఉడుకుతుంది | చిన్నవాటిలో పై కడ్డీ దగ్గరగా ఉంటుంది |
| కన్వెక్షన్ మైక్రోవేవ్ | 170 డిగ్రీలు, 35–40 ని. | పైపొర బాగా ఎర్రబడుతుంది | పండు ఉడక్కముందే పైన రంగు వస్తుంది |
| ఎయిర్ ఫ్రయర్ | 160 డిగ్రీలు, 18–20 ని. | ఇద్దరికి త్వరగా | చిన్న గిన్నెలే పడతాయి |
| పొయ్యి మాత్రమే | కింద చూడండి | అవెన్ అక్కర్లేదు | పొర విడిగా చేయాలి |

కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకు, ఈ వంటకం వరకైతే ఓటీజీకే మా ఓటు. మొదటి 30 నిమిషాలు కింది కడ్డీ ఒక్కటే, చివరి 10 నిమిషాలు రెండు కడ్డీలూ వేస్తే పండు, పొర రెండూ ఒకేసారి అందుకుంటాయి. ముందు 10 నిమిషాలు ఖాళీగా వేడెక్కించడం మరవద్దు.

కన్వెక్షన్ మైక్రోవేవ్‌లో ఫ్యాను గాలి పైనే ఎక్కువ తగులుతుంది. గిన్నెను పొట్టి స్టాండు మీద పెట్టి, మొదటి 15 నిమిషాలు పైన అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పండి. ఇది కన్వెక్షన్ మోడ్‌లో మాత్రమే. మైక్రోవేవ్ మోడ్‌లో ఫాయిల్ పెట్టకూడదు, అసలు ఆ మోడ్‌లో పొర ఎర్రబడదు కూడా.

ఎయిర్ ఫ్రయర్‌కు 10 సెం.మీ. వెడల్పున్న చిన్న గిన్నెలు వాడండి. ఆపిల్ ముక్కలను సెంటీమీటరుకు తగ్గించి 5 నిమిషాలు ముందే మగ్గించాలి, లేకపోతే 20 నిమిషాల్లో ఉడకవు. గాలికి ఓట్స్ ఎగురుతాయి కాబట్టి ఇక్కడ మాత్రం పొరను చేత్తో తేలిగ్గా అద్దండి.

పొయ్యి ఒక్కటే ఉన్నవాళ్లు ప్రెషర్ కుక్కర్‌లో ఇసుక పోసి కేకులా చేయాలని చూస్తారు. వేడి కిందినుంచే వస్తుంది, మూత కింద ఆవిరి తిరుగుతుంది, పొర తెల్లగా మెత్తగా ఉండిపోతుంది. దానికంటే పండును చక్కెర, నిమ్మరసంతో మూకుడులో మగ్గించి, కార్న్‌ఫ్లోర్‌ను చెంచా నీళ్లలో కలిపి పోసి చిక్కబడ్డాక దించండి. ఇంకో మూకుడులో వెన్న కరిగించి ఓట్స్, పిండి కలిపి సన్నటి సెగన 10 నుంచి 12 నిమిషాలు ఎర్రగా వేయించి, దించేముందు పంచదార చల్లి ఒక నిమిషం తిప్పండి. పళ్లెంలో పరిచి చల్లారిస్తే కరకరలాడుతుంది. తినేముందే పండు మీద చల్లుకోవాలి. అవెన్‌లో చేసినట్టు పండు రసం పొరలోకి ఊరదు, ఆ మేరకు రుచి వేరు. కానీ మెత్తబడటమన్న సమస్యే లేదు.

విదేశాల్లో పెద్ద అవెన్ ఉన్నవాళ్లకు 350 డిగ్రీల ఫారెన్‌హీట్ మన 180కి దగ్గర. 20 సెం.మీ. (8 అంగుళాల) చదరపు గిన్నెకు అన్ని కొలతలూ ఒకటింపావు రెట్లు చేసి 45 నిమిషాలు ఉంచండి.

## అయిందని ఎలా తెలుస్తుంది, తప్పెక్కడ జరుగుతుంది

గడియారం కంటే గిన్నె అంచును చూడండి. మొదట రసం పలుచగా, చిన్న బుడగలతో చకచకా మరుగుతుంది. కార్న్‌ఫ్లోర్ ఉడికాక బుడగలు పెద్దవై, పాకం పట్టినప్పటిలా బద్ధకంగా ఒక్కొక్కటే పగులుతాయి. అంచుల్లోనే కాదు, మధ్యలో కూడా ఒకటి రెండు అలా కనిపించాలి. పైపొర వేయించిన వేరుశనగ పప్పు రంగుకు రావాలి. చాకు దించితే పండు అడ్డుపడకూడదు.

* కింద నీరు, కార్న్‌ఫ్లోర్ తెల్లగా: మధ్యభాగం మరగలేదు. పైన ఫాయిల్ కప్పి ఇంకో 10 నిమిషాలు పెట్టండి.
* పైన మాడింది, పండు పచ్చి: గిన్నె పై కడ్డీకి మరీ దగ్గరుంది, లేదా ముక్కలు పెద్దవి. గిన్నెను కింది అరలోకి దించండి.
* పొర కరిగి పలకలా పరుచుకుంది: వెన్న మెత్తబడ్డాక కలిపారు, లేదా ఫ్రిజ్‌లో పెట్టలేదు.
* పొర బాగా వచ్చి గంటలో మెత్తబడింది: వేడిగా ఉండగా మూత పెట్టి ఉంటారు. ఆవిరి చుక్కలుగా తిరిగి పొర మీదే పడుతుంది.

దించిన వెంటనే వడ్డిస్తే పాకం పలుచగా పారుతుంది. 20 నుంచి 30 నిమిషాలు మూత లేకుండా వదిలేస్తే చిక్కబడుతుంది.

అతిథులు వచ్చే రోజైతే పైపొర మిశ్రమాన్ని రెండు రోజుల ముందే కలిపి ఫ్రిజ్‌లో ఉంచుకోండి. డీప్ ఫ్రీజర్‌లో జిప్ కవర్‌లో వేస్తే రెండు నెలలు నిలవుంటుంది, కరిగించకుండా నేరుగా పండు మీద చల్లి కాల్చొచ్చు. పండు మాత్రం అప్పటికప్పుడే కోయాలి, చక్కెర కలిపి గంటలకొద్దీ ఉంచితే నీరంతా ఊరిపోతుంది. మిగిలినదాన్ని ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంచవచ్చు. గాజు గిన్నె చల్లదనం పోయేదాకా బయట ఉంచి, ఓటీజీలో 160 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు లేదా ఎయిర్ ఫ్రయర్‌లో 4 నిమిషాలు పెడితే పొర మళ్లీ కరకరలాడుతుంది. మైక్రోవేవ్‌లో వేడి చేస్తే పండు వేడెక్కుతుంది, పొర ఇంకా మెత్తబడుతుంది.